విమానం మోసుకొచ్చే కబురు

పిల్లలూ, అమెరికా నుంచి వచ్చిన విమానం ఒకటి శంషాబాదులో దిగిందనుకోండి. అందులో తెనాలి వారొకరు, బాపట్ల వారొకరు, రేపల్లె వారొకరు ఉన్నారు. మర్నాటికల్లా ముగ్గురూ ఇళ్ళు చేరి అమ్మ చేతి పప్పన్నం తింటూ ఉంటారు. వారితోపాటు కొత్త వైరస్ ఒకటి బయలుదేరి వస్తే? మూడు ఊళ్ళకూ ఒక్క రోజులో చేరిపోతుంది!

దాన్ని విమానాశ్రయంలోనే కనిపెట్టటం ఎలాగు? ప్రయాణికులందరినీ నిలబెట్టి ముక్కుల్లో పుల్లలు పెట్టి చూడవచ్చు. అంతకన్న తేలిక ఉపాయం మరొకటి ఉన్నది. ముక్కు మూసుకుని చదవండి.

విమానంలో మరుగుదొడ్ల నీరు ఆకాశంలో పారబోయరు. అదంతా ఒక తొట్టిలో చేరుతుంది. విమానం దిగాక బండి వచ్చి, గొట్టం తగిలించి, తొట్టి ఖాళీ చేస్తుంది. అక్కడ ఒక సీసాడు నీరు పడితే చాలు. జబ్బు పైకి కనపడని వారి మలంలో కూడా వైరస్ తునకలు ఉండవచ్చు. ప్రయోగశాలలో పి.సి.ఆర్. అనే పద్ధతితో వాటికి నకళ్ళు తీస్తారు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఇలా ముప్పైసార్లు రెట్టించి చూడండి, నూరు కోట్లు దాటుతుంది! ఇక ఆ వైరస్ దాగేదెక్కడ?

2021 నవంబరులో జోహాన్నెస్‌బర్గు నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు వచ్చిన విమానం మురుగులో ఒమిక్రాన్ జాడ దొరికింది. ఆ రకం సంగతి లోకానికి తెలిసినదీ ఆ నెలలోనే. 2022లో న్యూయార్కులో దిగిన 80 విమానాల మురుగు పరీక్షిస్తే 65 విమానాలలో కరోనా వైరస్ కనపడింది.

జబ్బు ఎవరికో ఈ నీరు చెప్పదు. ఏ విమానంలో వచ్చిందో మాత్రం చెబుతుంది. ఒకరి పేరు బయటపడకుండా పని జరగటం మంచిదే కదా! అయితే గంటసేపటి ప్రయాణంలో మరుగుదొడ్డికి వెళ్ళేవారు తక్కువ. అందుచేత నీటిలో వైరస్ కనపడనంత మాత్రాన విమానంలో లేదనటానికి వీల్లేదు.

కబురు తెలిస్తే లాభమేమిటంటారా? ఊరి మురుగుకాలవ కూడా ఇలాంటి తొట్టే, కాకపోతే మరీ పెద్దది. 2016లో హైదరాబాదులోని అంబరుపేట మురుగునీటిలో పోలియో వైరస్ ఒకటి దొరికింది. చుక్కలమందులో ఉండే బలహీనమైన వైరసే మారిపోయి బలం పుంజుకున్నది. మన దేశంలో పోలియో లేదని ప్రకటించి అప్పటికి రెండేళ్ళే అయింది. ఏ పిల్లవాడికీ కాలు పడిపోలేదు. పడిపోయేదాకా వైద్యులు ఆగనూ లేదు. ఆ జూన్‌లోనే హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో మూడు లక్షల మందికి పైగా పిల్లలకు సూదిమందు వేశారు. అదీ మామూలు మోతాదులో అయిదోవంతు మందు, చర్మంలోకి, చీమ కుట్టినట్టు!