ఆఫీసు మూసినా మెయిల్ ఫిల్టర్ పనిచేయాలంటే?

విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసు ఉందనుకుందాం. పన్ను శాఖల నుంచి వచ్చే నోటీసులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, క్లయింట్లు పంపే బిల్లులు, వీటి మధ్యలో బీమా కంపెనీల ప్రకటనలు, అన్నీ ఒకే చిరునామాకు వస్తాయి. బ్రౌజర్‌లో మెయిల్ తెరిస్తే పాత కంప్యూటర్ మొరాయిస్తోందని క్లాజ్ మెయిల్ లాంటి తేలికపాటి సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. పన్ను శాఖ నుంచి వచ్చేవన్నీ ‘నోటీసులు’ అనే ఫోల్డర్‌లోకి వెళ్లేలా అందులోనే ఫిల్టర్ రాశారు. ఇబ్బంది లేకుండా నడిచింది.

సంక్రాంతికి కంప్యూటర్ ఆపేసి ఊరెళ్లారు. అక్కడి నుంచి ఫోన్‌లో చూస్తే నోటీసుల ఫోల్డర్‌లో కొత్తగా ఏమీ లేదు. నిజానికి నోటీసు వచ్చింది. ప్రకటనల కింద ఇన్‌బాక్స్‌లో కూరుకుపోయి ఉంది. ఫిల్టర్ ఉన్నది కంప్యూటర్‌లో. కంప్యూటర్ నిద్రపోతే అదీ నిద్రపోయినట్టే.

సర్వర్‌కూ మెయిల్ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య పని ఎలా సాగుతుందో తెలిస్తే ఈ చిక్కు అర్థమవుతుంది. పాత పద్ధతి పాప్. పోస్టాఫీసుకు వెళ్లి ఉత్తరాలు ఇంటికి తెచ్చుకోవడం లాంటిది అది. తెచ్చుకున్నాక అక్కడ కాపీ ఉంచాలా వద్దా అన్నది మన సెట్టింగ్. రెండోది ఐమ్యాప్. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ దీన్ని రూపొందించారు. ఇందులో ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి. ఫోన్, ల్యాప్‌టాప్, ఆఫీసు కంప్యూటర్ మూడూ దానికి కిటికీలు మాత్రమే. ఒకచోట చదివితే మిగతా చోట్లా చదివినట్టే కనిపిస్తుంది.

ప్రతిసారీ అన్నీ దించుకోకుండా ఇది ఎలా సాధ్యం? ఫోల్డర్‌లోని ప్రతి మెయిల్‌కూ సర్వర్ ఒక వరుస సంఖ్య ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ తాను చూసిన చివరి సంఖ్యను గుర్తుంచుకుని, ఆ తర్వాతివి మాత్రమే అడుగుతుంది. మొదట పంపినవారి పేరు, విషయం తెచ్చుకుంటే చాలు, అటాచ్‌మెంట్లు తెరిచినప్పుడు దిగుతాయి. నెట్ నెమ్మదిగా ఉన్న చోట తేలికపాటి సాఫ్ట్‌వేర్ హాయిగా నడవడానికి అసలు కారణం ఇదే. ఫోల్డర్‌కు కూడా ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది మారితే పాత లెక్క చెల్లదు, ఆ ఫోల్డర్ మొత్తాన్ని మళ్లీ దించుకోవాలి. సర్వర్ మార్చిన మర్నాడు కొన్ని గిగాబైట్ల డేటా ఖర్చవడం చూసి కంగారుపడేవారికి చాలాసార్లు కారణం ఇదే.

సరే, ఫిల్టర్ కూడా సర్వర్‌లోనే ఉంటే? అందుకోసం వచ్చిందే ‘సీవ్’ అనే చిన్న భాష. పేరుకు అర్థం జల్లెడ. 2001లో ప్రమాణంగా వెలువడింది, 2008లో సవరించారు. పంపినవారు ఫలానా అయితే ఫలానా ఫోల్డర్‌లో వేయి, ఈ జాబితా మెయిల్ అయితే పక్కన పెట్టు, ఇలాంటి ఆజ్ఞలే అందులో ఉంటాయి. లూపులు ఉండవు, బయటి ప్రోగ్రాములను నడపడం కుదరదు. వేలమంది రాసిన నియమాలను ఒకే సర్వర్ నడపాలి కాబట్టి కావాలనే అలా బిగించారు. డవ్‌కాట్ ఆధారంగా నడిచే చాలా మెయిల్ సర్వర్లలో సీవ్ దొరుకుతుంది. క్లాజ్ మెయిల్‌కు ఒక ప్లగిన్ కలిపితే అక్కడి నుంచే ఆ నియమాలను రాసి సర్వర్‌కు పంపవచ్చు. జీమెయిల్‌లో సీవ్ లేదు. దాని ఫిల్టర్లూ సర్వర్‌లోనే నడుస్తాయి కానీ, బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచే రాయాలి.

ఇక్కడితో సమస్య తీరలేదు. ఒకరకంగా ఇప్పుడే మొదలైంది. సర్వర్ మెయిల్‌ను నేరుగా ‘నోటీసులు’ ఫోల్డర్‌లో వేసేస్తే అది ఇన్‌బాక్స్‌లో అసలు కనిపించదు. చాలా సాఫ్ట్‌వేర్లు, ఫోన్ యాప్‌లు కొత్త మెయిల్ కోసం చూసేది ఇన్‌బాక్స్‌నే. కొత్తది రాగానే సర్వర్ తట్టి చెప్పే ఏర్పాటు కూడా ఒక కనెక్షన్‌కు ఒక ఫోల్డర్‌కే. థండర్‌బర్డ్‌లో అయితే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, దీన్నీ ఎప్పుడూ చూడమని టిక్ పెట్టాలి. ఆ టిక్ లేకపోతే నోటీసు చక్కగా సర్దిన అలమరాలో ఎవరికీ కనపడకుండా పడి ఉంటుంది. ముందు పరిస్థితే నయం, కనీసం ఇన్‌బాక్స్‌లో కిందకు జరిపితే దొరికేది. అందుకే ఆలస్యమైనా ఫర్వాలేని వాటిని మాత్రమే ఫోల్డర్లలోకి పంపడం మంచిది. గడువు ఉన్నవాటిని ఇన్‌బాక్స్‌లోనే ఉంచి, నక్షత్రం గుర్తు పెట్టించవచ్చు. ఆ పనీ సీవ్ చేస్తుంది.

తెలుగులో రాసే నియమాలకు ఒక ప్రత్యేక తంటా ఉంది. మెయిల్ విషయం వరుసలోని తెలుగు అక్షరాలు సాధారణంగా సంకేతాలుగా మారి ప్రయాణిస్తాయి. ప్రమాణం ప్రకారం సీవ్ వాటిని తిరిగి తెలుగులోకి మార్చాకే పోలుస్తుంది. ప్రోక్‌మెయిల్ లాంటి పాత పరికరాలు మార్చవు, కాబట్టి తెలుగు పదం ఇస్తే పట్టుకోలేవు. అది దాటినా, ‘జీఎస్టీ’ అని రాసిన నియమం ‘జీఎస్‌టీ’ని పట్టదు. రెండోదాంట్లో కంటికి కనపడని ఒక అక్షరం ఉంది. మనకు రెండూ ఒకటే, యంత్రానికి వేరు. విషయం కంటే పంపినవారి చిరునామాను బట్టి నియమం రాయడం మేలు. అయితే చిరునామాను నకిలీ చేయవచ్చు. నోటీసుల ఫోల్డర్‌లో చేరినంత మాత్రాన అది పన్ను శాఖ నుంచే వచ్చిందనుకుని లింకు నొక్కకూడదు.

జీమెయిల్ వాడేవారికి ఇంకో మాట. దాని లేబుళ్లు ఐమ్యాప్‌లో ఫోల్డర్లుగా కనిపిస్తాయి. మూడు లేబుళ్లున్న మెయిల్ మూడుచోట్ల, ‘ఆల్ మెయిల్’లో మరోసారి కనిపిస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని అన్నిసార్లూ దించుకుంటాయి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘ఆల్ మెయిల్’ను ఐమ్యాప్‌లో చూపవద్దని చెబితే కొంత భారం తగ్గుతుంది.

చాలామంది పొరబడేది సింక్‌ను బ్యాకప్ అనుకోవడంలో. కంప్యూటర్‌లో కాపీ ఉంది కదా అన్న ధైర్యంతో ఫోన్‌లో ఒక ఫోల్డర్ ఖాళీ చేస్తే, తర్వాతి సింక్‌లో కంప్యూటర్‌లోనూ ఖాళీ అవుతుంది. అది తప్పు కాదు, సింక్ చేయాల్సిన పనే అది. జీఎస్‌టీ చట్టం ప్రకారం ఖాతాలు, రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఆ లెక్కల్లోకి వచ్చే బిల్లులు మెయిల్‌లోనే ఉంటే, వాటిని సర్వర్‌తో సంబంధం లేని లోకల్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఒక పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో వేరుగా ఉంచుకోవాలి. కాపీయే చేయాలి, మూవ్ కాదు. మూవ్ చేస్తే సర్వర్ నుంచి పోతుంది, ఫోన్‌లోనూ ఇక కనిపించదు.