అదను – పదును

కార్తెలెరుగని తెలుగు రైతు లేడు. సూర్యుడొక్కొక్క నక్షత్రమున నుండు 13, 14 దినములు ఒక కార్తె, ఏడాదికి 27. జూను 8 ప్రాంతమున మృగశిర, 22 ప్రాంతమున ఆరుద్ర ప్రవేశించును. ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదను సామెత మెట్ట సేద్యగానికి విత్తనపు లెక్క. అదను కార్తె చెప్పును. పదును, అనగా విత్తనము మొలచుటకు చాలిన నేల తడి, వాన ఇచ్చును. ఈ రెండును ఒకేమారు కుదిరిననే గొర్రు కట్టుదురు.

అనంతపురము సీమలో వయసు మీరిన రైతులనడిగినచో ఈ రెంటి పొత్తు చెడినదందురు. వాతావరణ మార్పు అను మాట వారి నోట అరుదు. కార్తెలు వచ్చుచున్నవి గాని వానలు రావని, వచ్చిననాడు గట్లు తెంపుకొని పోవుచున్నవని వారి ఫిర్యాదు.

వర్షమాపకపు లెక్కలు చూచి ఈ మాటను త్రోసిపుచ్చువారు కలరు. అచటి సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ మొత్తము నిండిన ఏటను సైతము పైరు ఎండవచ్చునని వారు గమనింపరు. వేరుశనగ పూచి ఊడలు దిగు తరుణమున మూడు వారములు చినుకు లేక, పిదప ఒక్క రాత్రిలో 100 మిల్లీమీటర్లు కురిసినచో లెక్క సరిపోవును, కాయ ఊరదు. లోతు లేని ఎర్రనేల ఆ నీటిని నిలుపలేదు. పైమట్టి కూడ వాగు పాలగును.

విజ్ఞానశాస్త్రము ఈ విషయమున రైతు పక్షముననే యున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన సుమారు 7 శాతము అదనముగ నీటియావిరిని భరింపగలదు. కురియునప్పుడు కుండపోతగ కురియుటకు ఇదియొక కారణము. మధ్య భారతమున 1951 నుండి 2000 వరకు కురిసిన వానలను పరిశీలించి 2006లో ప్రకటించిన పరిశోధన, భారీ వర్షములు పెరిగి మోస్తరు వానలు తగ్గినవని తేల్చినది. మెట్ట పైరు కోరునది ఆ మోస్తరు వాననే.

అయినను నేరమంతయు ఆకాశముపై మోపుట తగదు. కొర్ర, సజ్జ, జొన్న, కంది కలిసి పండిన చేలలో గత శతాబ్ది ఉత్తరార్ధమున వేరుశనగ ఒక్కటియే పరచుకొనినది. ధర పలికినన్నాళ్లు అది కామధేనువే. కాని చేనంతయు ఒకేమారు పూచినచో, నాశనమునకు ఒక్క బెట్ట చాలును.

ఈ చిక్కునకు మొదట దొరికిన ఉపాయము బోరు. ఒకరి బోరు లోతు పెరిగిన కొలది పొరుగువాని బోరు ఎండినది. ఎండిన చీని తోటలను నరికివైచి బెంగుళూరునకు కూలికి పోయిన కుటుంబములు కలవు. నీరు పడని బోరునకు చేసిన అప్పు మాత్రము ఎండదు.

ఇంతకంటె నెమ్మదియైన ఉపాయములు పాతవే. జూలై దాటి వాన వచ్చినచో కంది, ఆముదము. ఆగస్టు చివరకు గాని పదును కాకున్న ఉలవ. వేరుశనగ సాళ్ల నడుమ కంది విత్తుటయు అట్టిదే. దాని తల్లివేరు లోతుననున్న తడిని అందుకొనును. 2016లో మొదలైన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము క్రింద కొందరు ఇంకొక అడుగు వేయుచున్నారు. బంకమట్టి, పేడ, బూడిద పట్టించిన నానావిధ విత్తనములను వేసవిలోనే పొడి దుక్కిలో చల్లి, పైన చెత్త కప్పుదురు. తొలకరి ఎప్పుడు వచ్చినను విత్తనము నేలలో సిద్ధముగ నుండును.

నేల ఈ విధముగ బాగుపడుటకు ఏండ్లు పట్టును. వచ్చు ఏడు ఆ చేను తన చేతనుండునో లేదో తెలియని కౌలురైతు అంతకాలము ఎట్లు వేచియుండును? మంగళ, శుక్రవారములందు వెలువడు వ్యవసాయ వాతావరణ సూచన ఐదు దినముల వరకు చెప్పును. దానివలన విత్తుటో ఆగుటో తేల్చుకొనవచ్చును. కౌలు మాత్రము వాన వచ్చినను రాకున్నను కట్టవలసినదే.