మీకు తెలుసా? ఒకప్పుడు ఓట్లతో గెలుచుకున్న ఫుట్‌బాల్ కప్పు!

ఇది కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట. అక్కడి కాలేజీ జట్లలో దేశం మొత్తానికి మొనగాడెవరో తేల్చడానికి చాలాకాలం ఫైనలే లేదు. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ కోసం విలేకరులు, 1950 నుంచి విడిగా కోచ్‌లు ఓట్లేసి తేల్చేవారు.

• ఆ ఓటర్లకు తొందర కూడా ఎక్కువే. సీజన్ చివర జరిగే ‘బౌల్’ మ్యాచ్‌లకు ముందే ఓటింగ్ ముగించేవారు. 1964లో అలబామాను ఏపీ ఛాంపియన్‌గా ప్రకటించాక, ఆ జట్టు ఆరెంజ్ బౌల్‌లో టెక్సస్ చేతిలో ఓడింది. కిరీటం మాత్రం కదల్లేదు! ఏపీ తర్వాత పద్ధతి మార్చుకుంది. కోచ్‌ల ఓటింగ్ మారడానికి మాత్రం 1973లో అదే అలబామా మరోసారి ‘ఛాంపియన్’ హోదాలో ఓడాల్సి వచ్చింది.

• ఒకసారి ఏకంగా అమెరికా అధ్యక్షుడే తీర్పు చెప్పేశాడు. 1969 డిసెంబరు 6న అర్కాన్సాపై టెక్సస్ 15-14తో నెగ్గగానే, నిక్సన్ డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లి ‘నంబర్ వన్’ ఫలకం అందించాడు. ఓటమి ఎరుగని పెన్ స్టేట్ అభిమానులు భగ్గుమన్నారు. ఆ జట్టు కోచ్ జో పటెర్నో 1973లో స్నాతకోత్సవ ప్రసంగంలో కసి తీర్చుకున్నాడు: ఫుట్‌బాల్ గురించి ఇంత తెలిసిన పెద్దమనిషికి వాటర్‌గేట్ కుంభకోణం గురించి అంత తక్కువ తెలియడమేమిటని!

• ఓట్లకు బదులు నాకౌట్ మ్యాచ్‌ల ప్లేఆఫ్ పెట్టొచ్చుగా అంటే, పిల్లల చదువులు పాడవుతాయని పెద్ద యూనివర్సిటీలు వాదించేవి. చిన్న కాలేజీల డివిజన్లలో 1973 నుంచే ప్లేఆఫ్‌లు నడుస్తున్నాయి మరి. వాళ్లకు పరీక్షలుండవా?

• 1998లో బీసీఎస్ అనే పద్ధతి వచ్చింది. ఓట్లు, కంప్యూటర్ లెక్కలు కలిపి మొదటి రెండు జట్లకు ఫైనల్ పెట్టారు. 2003లో విలేకరులు, కోచ్‌లు ఇద్దరూ మొదటి స్థానమిచ్చిన యూఎస్‌సీ జట్టును ఆ లెక్క మూడో స్థానానికి నెట్టింది. ఫైనల్లో ఎల్‌ఎస్‌యూ గెలిచింది, ఏపీ కిరీటం మాత్రం యూఎస్‌సీకే దక్కింది. ఒకే ఏడాది ఇద్దరు ఛాంపియన్లు!

• ప్లేఆఫ్ లేకుండా ‘జాతీయ ఛాంపియన్‌షిప్’ అని ప్రచారం చేసుకోకూడదంటూ 2009లో ఒక బిల్లు ప్రతినిధుల సభ సబ్‌కమిటీ దాకా వెళ్లి నెగ్గింది. చట్టం కాలేదు.

• 2014 సీజన్‌లో నాలుగు జట్లతో ప్లేఆఫ్ మొదలైంది. కప్పు కొట్టింది నాలుగో సీడ్ ఒహాయో స్టేట్. బీసీఎస్ పద్ధతే ఉంటే నాలుగో జట్టుకు ఆహ్వానమే రాదు. ప్లేఆఫ్ అడిగినవాళ్లకు ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?

• అయినా గొడవ ఆగలేదు. 2017లో 13 మ్యాచ్‌లకు 13 గెలిచిన యూసీఎఫ్ జట్టుకు ప్లేఆఫ్ పిలుపు రాలేదు. వాళ్లు తామే ఛాంపియన్లమని ప్రకటించుకుని, డిస్నీ వరల్డ్‌లో ఊరేగారు. 2023లో ఫ్లోరిడా స్టేట్ కూడా 13-0తో బయటే ఉండిపోయింది. దాడిని నడిపే ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయపడటంతో, ప్లేఆఫ్ జట్లను ఎంచే సెలక్షన్ కమిటీకి ఆ జట్టుపై నమ్మకం సడలింది. 2024లో జట్ల సంఖ్యను 12కు పెంచారు. ఆసారి కప్పు ఎనిమిదో సీడ్‌కు దక్కింది. అదీ ఒహాయో స్టేటే!