శునక సంరక్షణ: విద్యార్థికొక ఉపాధి, మనకొక బాధ్యత

వేసవి సెలవులు సమీపించగానే మన టౌన్‌షిప్‌లో ప్రయాణ సన్నాహాలు మొదలవుతాయి. రైలు టిక్కెట్లు, ఎల్.టి.సి. దరఖాస్తులు, ఊరికి మోసుకుపోవలసిన సామాను అన్నీ సమకూరిన తర్వాత కొన్ని ఇళ్లలో ఒక ప్రశ్న మిగిలిపోతుంది: “మరి కుక్క సంగతేమిటి?” ఉమ్మడి కుటుంబాలలో ఈ ప్రశ్నకు అవకాశమే ఉండేది కాదు. ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండేవారు. క్వార్టర్లలో నివసించే నేటి చిన్న కుటుంబాలకు ఆ వెసులుబాటు లేదు. పొరుగువారిని మాత్రం ఎన్నిసార్లని అర్థించగలం?

ఈ అవసరమే కొందరు విద్యార్థులకు ఉపాధి మార్గమైంది. యజమానులు ఊరిలో లేనప్పుడు కుక్కకు వేళకు తిండి, నీరు పెట్టి, ఉదయం, సాయంకాలం నడిపించి, రోజుకింత అని ప్రతిఫలం తీసుకొనే యువతీయువకులు నేడు మహానగరాలలో ఎందరో ఉన్నారు. మన కాలనీలోనూ డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి ఈ పని చేపట్టాడు. “కుక్కలను తిప్పడమూ ఒక ఉద్యోగమేనా?” అని నవ్వినవారు లేకపోలేదు. అతని తండ్రికి సైతం మొదట నామోషీగానే తోచిందట. కాని ఒక ప్రాణిని, ఒక ఇంటి తాళంచెవిని నమ్మి అప్పగించదగినవాడు అనిపించుకోవడం ఇరవై ఏళ్లు నిండని యువకునికి సామాన్యమైన గౌరవం కాదు.

ఒక అనుభవం

గత మే నెలలో ఒక కుటుంబంవారు తమ లాబ్రడార్‌ను ఈ విద్యార్థికి అప్పగించి రైలెక్కారు. ఆ కుక్కకు మూర్ఛవ్యాధి ఉన్నదనీ, రోజూ రెండు పూటలా మాత్ర వేయాలనీ చెప్పడం ప్రయాణపు హడావిడిలో మరచిపోయారు. మూర్ఛ మందును హఠాత్తుగా ఆపితే వ్యాధి తిరగబెడుతుంది. రెండవనాటి రాత్రి కుక్క నేలపై పడి కాళ్లు కొట్టుకోసాగింది. యజమానుల ఫోను అందలేదు. ఆ కుర్రవాడు పక్క క్వార్టరువారిని లేపి, వారి కారులో దానిని పశువైద్యుని వద్దకు తీసుకుపోయాడు. కుక్క బ్రతికింది. ఒకవేళ బ్రతకకపోయి ఉంటే నింద ఎవరిపై పడేదో వేరుగా చెప్పనక్కరలేదు.

చట్టం ఏమంటున్నది?

మూగజీవుల పక్షాన న్యాయం అడగడం మనకు కొత్త కాదు. జనమేజయుని తమ్ములు నిష్కారణంగా తన బిడ్డను కొట్టగా, దేవశునియైన సరమ రాజును నిలదీసిన కథను నన్నయ ఆదిపర్వంలో తెలుగువారికి అందించాడు. ఆధునిక కాలంలో ఆ పక్షాన నిలిచినవారిలో ప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరుండేల్ ఒకరు. రాజ్యసభ సభ్యురాలిగా ఆమె చేసిన కృషి 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి బాట వేసింది.

ఆ చట్టం 3వ సెక్షను ప్రకారం, జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే దాని క్షేమం చూడవలసిన విధి వారిదే. అనగా యజమానితో పాటు, చార్జి తీసుకున్న విద్యార్థికి కూడా ఇది వర్తిస్తుంది. నిత్యం గొలుసుతో కట్టి లేదా ఇరుకుగా బంధించి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం 11వ సెక్షను క్రింద యజమాని చేసిన నేరమే. తన స్వాధీనంలోని జంతువు వలన ఇతరుల ప్రాణానికి ముప్పు గాని, తీవ్రమైన గాయం గాని కలిగే అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోనివారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను 6 నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధిస్తున్నది.

చార్జి అప్పగింత

మన ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు నడుస్తున్న యంత్రాన్ని నోటిమాటగా అప్పగించి వెళ్లం. లాగ్‌బుక్కులో వ్రాసి, సంతకం చేసి మరీ వెళతాము. ప్రాణమున్న జీవికి అంతకన్న తక్కువ శ్రద్ధ తగునా? ఒక కాగితంపై ఈ వివరాలు తప్పక వ్రాసి ఇవ్వాలి: కుక్క వయస్సు, తినే వేళలు, కొలతలు, వ్యాధులు, మందులు, టీకాల పుస్తకం, పశువైద్యుని ఫోను నంబరు, యజమాని అందుబాటులో లేనప్పుడు నిర్ణయం తీసుకోగల బంధువు లేక మిత్రుని నంబరు, దేనికి బెదురుతుంది, ఎవరిని చూస్తే మీదికి పోతుంది అనే సంగతులు. వైద్య ఖర్చుకు కొంత సొమ్ము ముందుగా ఇవ్వడం ఉత్తమం. ప్రయాణానికి ముందు రెండు మూడు రోజులు విద్యార్థిని ఇంటికి పిలిచి కుక్కకు అలవాటు చేయాలి.

చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకు హాని చేస్తాయి. మనం వేసుకొనే జ్వరం మాత్రలు పశువైద్యుని సలహా లేకుండా వాటికి వేయరాదు.

నడకలో జాగ్రత్తలు

మనకు వలె కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కొద్దిగా తప్ప, ప్రధానంగా నాలుక చాపి వగర్చడం ద్వారానే అది తన వేడిని బయటకు పంపుతుంది. దాని సహజ ఉష్ణోగ్రత సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మండుటెండలో నడిపిస్తే వడదెబ్బకు ప్రాణం పోవచ్చు. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కావున ఎండ ముదరక ముందు, మరల పొద్దుగూకి నేల చల్లబడిన తర్వాతనే నడిపించాలి. తారురోడ్డుపై అరచేతి వెనుకభాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే, ఆ రోడ్డు కుక్క పాదాలకూ పనికిరాదు. వగర్పు మితిమీరి, తూలుతూ ఉంటే నీడకు చేర్చి, ఒంటిని నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చేసి, వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

పట్టీని మణికట్టుకు చుట్టుకొనరాదు. కుక్క ఒక్కసారిగా లాగితే మనిషి కూడా పడిపోతాడు. బలమైన అల్సేషియన్‌ను, మరొక కుక్కను కలిపి ఒక్కరే నడిపించడం తగదు. వీధికుక్కలు ఎదురైతే పరుగెత్తరాదు. మెల్లగా దారి మార్చుకోవాలి.

రేబిస్ విషయంలో

1885 జులై 6న లూయీ పాశ్చర్ కుక్కకాటుకు గురైన తొమ్మిదేళ్ల బాలునికి టీకా ఇప్పించి ప్రాణం నిలబెట్టాడు. అయినా, లక్షణాలు బయటపడిన తర్వాత ఈ వ్యాధి నేటికీ దాదాపు ప్రాణాంతకమే. కాటు గాని, గోటి గాటు గాని పడితే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక వైద్యుని చూడాలి. పసుపు, కారం వంటివి అద్దరాదు. ఈ పని చేసే విద్యార్థి వైద్యుని సలహాపై ముందుగానే టీకా వేయించుకోవడం మంచిది. టీకా లేని కుక్కను ఒప్పుకోనని చెప్పే హక్కు అతనికి ఉండాలి.

ప్రతిఫలం

“మనవాడివే కదా, కాస్త చూసుకో బాబూ” అని పది రోజుల పని చేయించుకొని, తిరిగివచ్చాక ఒక మిఠాయి పొట్లం చేతిలో పెట్టడం న్యాయం కాదు. రోజుకెంత, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు నడక అన్నది ముందే తేల్చుకోవాలి. విద్యార్థి కూడా పరీక్షల కాలంలో పని ఒప్పుకోరాదు. ఒప్పుకున్న తర్వాత ఒక్క పూటైనా ఎగవేయరాదు. రోజూ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపితే దూరాన ఉన్న యజమానికి మనశ్శాంతి కలుగుతుంది.

ఆ విద్యార్థి వేసవి సంపాదనతో ఈ ఏడాది పాఠ్యపుస్తకాలు కొనుక్కున్నాడు. దానికన్న విలువైనది, తన మాటను నమ్మి ఒక ప్రాణం ఎదురుచూస్తూ ఉంటుందని ఇరవైలోపే తెలుసుకోవడం. ఏ కర్మాగారమైనా తన ఉద్యోగి నుండి కోరేది ఇటువంటి బాధ్యతనే. రేపు మన ఇళ్లలోని పిల్లలు ఇటువంటి పనికి పూనుకుంటే నవ్వక, వారికి ఒక కలం, ఒక లాగ్‌బుక్కు అందిద్దాం.