ఫిలిప్పీన్స్ సాహిత్యం: ఎవరి కోసం, ఏ భాషలో?

మెగసెసే పురస్కారం పేరు మన పాఠకులకు కొత్త కాదు. కోలారు బంగారు గనుల ప్రాంతంలో, తెలుగు కుటుంబంలో జన్మించిన బెజవాడ విల్సన్ 2016లో దానిని అందుకున్నారు. 1957లో విమాన ప్రమాదంలో మరణించిన ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు రామన్ మెగసెసే స్మృత్యర్థం ఆ పురస్కారం ఏర్పడింది. పురస్కారం తెలిసినంతగా ఆ దేశపు రచయితలు మనకు తెలియరు. ఇంట ఒక భాష, బడిలో మరొక భాష, కచేరీ కాగితాలలో వేరొక భాష ఉండటం సరిహద్దు పల్లెల వారికి నిత్యానుభవం. వందకు పైగా భాషలున్న ఫిలిప్పీన్స్‌లో దాదాపు దేశమంతటిదీ అదే స్థితి. కనుక రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అక్కడి రచయితలకు ఒక ప్రశ్న తప్పలేదు. ఎవరి కోసం వ్రాయాలి? ఏ భాషలో వ్రాయాలి?

పరాయి భాషల పొరలు

1565 నుండి 1898 వరకు ఆ దీవులను స్పెయిన్ పాలించింది. జాతీయ వీరుడు హోసే రిసాల్ 1887లోను, 1891లోను ప్రచురించిన రెండు నవలలూ స్పానిష్ భాషలోనివే. వాటికి ఆగ్రహించిన ప్రభుత్వం ఆయనపై తిరుగుబాటు నేరం మోపి, 1896 డిసెంబరు 30న కాల్చి చంపించింది. అయితే స్వదేశీయులలో అధిక సంఖ్యాకులకు స్పానిష్ చదవడం రాదు.

స్పెయిన్ తరువాత అమెరికా వచ్చింది. 1901లో వందలాది అమెరికన్ ఉపాధ్యాయులు ఓడలో వచ్చి దిగారు. బడులలో ఆంగ్లం స్థిరపడింది. ఒక తరం గడిచేలోపే ఫిలిప్పినో యువకులు ఆంగ్లంలో కథలు వ్రాయసాగారు. 1942లో జపాను ఆక్రమణతో ఆంగ్ల పత్రికలకు అడ్డుకట్ట పడింది. తగలోగ్ భాషకు ప్రోత్సాహం లభించింది. 1943 నాటి ఉత్తమ కథలు ఇరవై అయిదింటిని ఆ భాషలో ఒక సంపుటంగా వెలువరించారు. యుద్ధకాలపు కష్టాల నడుమ దేశభాషా కథకు కలిగిన మేలు ఇది.

భస్మమైన నగరం, కొత్త స్వాతంత్ర్యం

1945 ఫిబ్రవరి, మార్చి నెలలలో జరిగిన మనీలా యుద్ధంలో సుమారు లక్షమంది పౌరులు మరణించారు. 1946 జూలై 4న దేశం స్వతంత్రమైంది. మరుసటి ఏడే స్టీవన్ హవెల్యానా ఆంగ్ల నవల వెలువడింది. పనాయ్ దీవిలోని ఒక పల్లె రైతుల జీవితం యుద్ధంలో ఛిద్రమైన తీరు అందులోని కథ. ధ్వంసమైన పాత మనీలా జ్ఞాపకాలను నిక్ హ్వాకిన్ ఆంగ్ల నాటకంలో, నవలలో పదిలపరచారు. ఎన్.వి.ఎం. గొంజాలెజ్ 1956 నాటి నవలలో మిందోరో దీవిలో అడవి నరికి పోడు చేసుకునే పేదలను చిత్రించారు. రచనలు గొప్పవే. కాని ఆ పోడు రైతు మాట్లాడే భాష ఆంగ్లం కాదు. తన గురించిన పుస్తకాన్ని తానే చదువలేని స్థితి అతనిది.

వేకువ పేరిట రెండు పత్రికలు

ఈ లోటును కొంతవరకు పూడ్చినవి వారపత్రికలు. తగలోగ్‌లో 1922లో ‘లివాయ్‌వాయ్’, ఇలోకానో భాషలో 1934లో ‘బన్నావగ్’ మొదలయ్యాయి. రెండు మాటలకూ అర్థం వేకువ అనియే. సిబువానో, హిలిగాయ్‌నోన్ భాషలకూ ఇటువంటి పత్రికలు ఉండేవి. వీటిలో ధారావాహికలు ముఖ్య ఆకర్షణ. పొట్టకూటికై మనీలా చేరిన పల్లె యువకుని కథను ఎడ్గార్డో రేయెస్ 1966–67లో ‘లివాయ్‌వాయ్’లోనే ధారావాహికగా వ్రాశారు. 1975లో లీనో బ్రోకా దానిని చలనచిత్రంగా తీశారు. నేటికీ ఆ దేశపు ఉత్తమ చిత్రాలలో దానిని లెక్కిస్తారు.

కార్మిక నాయకుడైన కవి అమాదో హెర్నాండెజ్ తిరుగుబాటు ఆరోపణపై 1951లో అరెస్టయి, 1956 వరకు చెరలో ఉన్నారు. అక్కడా కవిత్వం మానలేదు. 1964లో నిర్దోషిగా తేలారు. 1969లో పుస్తకమైన ఆయన తగలోగ్ నవల రిసాల్ కథను కొనసాగిస్తుంది. రిసాల్ రెండవ నవల చివర ఒక పూజారి నగల పెట్టెను సముద్రంలోకి విసరివేస్తాడు. హెర్నాండెజ్ కథానాయకుడు ఆ నిధిని వెలికితీసి, ఆ ధనంతో ప్రజల పక్షాన ఒక వార్తాపత్రికను నడుపుతాడు. స్పానిష్‌లో మునిగిన పెట్టె తగలోగ్‌లో పైకి తేలింది.

నిర్బంధ కాలం

1972 సెప్టెంబరులో మార్కోస్ సైనిక శాసనం విధించి పత్రికలను మూయించాడు. 1976లో జాతీయ కళాకారుడన్న గౌరవాన్ని ప్రభుత్వం ఇవ్వజూపినపుడు, చెరలో ఉన్న కవి హోసే లకాబాను విడుదల చేస్తేనే స్వీకరిస్తానని హ్వాకిన్ షరతు పెట్టారు. లకాబా విడుదలయ్యారు. ఆ కాలపు భయాన్ని అయిదుగురు కొడుకుల తల్లి కంటితో చూపిన లువల్‌హాతి బావుతిస్తా నవలకు 1983లో పాలంకా బహుమతి వచ్చింది. ఆమె వ్రాసినది దేశభాషలో.

అదే కాలంలో ఇలోకానో కౌలురైతుల సంతతివాడైన సియోనిల్ హోసే వేరు మార్గం పట్టారు. భూమి కోసం తరతరాల పోరును అయిదు నవలలుగా ఆంగ్లంలో వ్రాశారు. లోకమంతా చదివింది, 1980లో మెగసెసే పురస్కారం లభించింది. ఇంటి భాష విడిచి వ్రాసినా ఇంటి కథ విడువని రచయిత ఆయన. 2022లో కన్నుమూశారు.

నేటి స్థితి

1950లో ఏర్పడిన పాలంకా బహుమతులలో సిబువానో, హిలిగాయ్‌నోన్, ఇలోకానో కథలకు చోటు దక్కడానికి 1997 వరకు పట్టింది. 2012 నుండి చిన్న తరగతులలో మాతృభాషా బోధన దేశమంతటా అమలైంది. 2024 అక్టోబరులో వచ్చిన చట్టం ఆ నిబంధనను తొలగించింది. పిల్లలందరిదీ ఒకే మాతృభాష అయిన తరగతులలో మాత్రమే ఐచ్ఛికంగా ఉంచింది.

బడిలో ఇంటి భాషకు ఒకనాడు చోటు దొరకవచ్చు, మరొకనాడు పోవచ్చు. ఇలోకానో బిడ్డకు బడిలో ఆ భాష దొరకని రోజులలో కూడా ‘బన్నావగ్’ ఇంటికి వచ్చేది. కథలో తరువాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రుతే ఆ అక్షరాలను నిలిపింది. సరిహద్దున ఉన్న మనం గుర్తుంచుకోదగిన సంగతి ఇది.