క్వెన్యా: చరిత్రతో సహా కల్పించిన భాష

ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్లాన్ని బోధించిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) 1915 ప్రాంతంలో పదకోశంతో మొదలుపెట్టి జీవితాంతం దిద్దుతూ వచ్చిన క్వెన్యా, ఆయన కథాలోకంలో ఎల్ఫ్‌లనే అమరజాతి ప్రాచీన భాష. నిత్యవ్యవహారం నుంచి తొలగి, ఐరోపాలో లాటిన్ లాగా, కావ్యాలకూ క్రతువులకూ మిగిలిన భాష. నిన్నగాక మొన్న పుట్టిన కల్పనకు ఇంతటి ప్రాచీనత అబ్బడానికి కారణం దాని ధ్వని చరిత్ర.

టోల్కీన్ ఒక మూలభాషను కూడా ఊహించి, దాని ధాతువులు ఏ శాఖలో ఏ నియమం ప్రకారం మారాయో నిర్ణయించి, క్వెన్యానూ దాని సోదర భాష సిందారిన్‌నూ రాబట్టాడు. తండ్రిని క్వెన్యాలో 'అతర్' అనీ సిందారిన్‌లో 'అదర్' అనీ అంటారు. అచ్చుల నడుమనున్న పరుషం మొదటి భాషలో నిలిచింది, రెండవదానిలో సరళమైంది. తెలుగు వ్యాకరణంలోని సరళాదేశం తెలిసినవారికి ఈ మార్పు కొత్తగా తోచదు. ఇటువంటి నియమం ఒక్క మాటతో ఆగక, అదే స్థితిలో ఉన్న మాటలకెల్లా వర్తిస్తుంది కనుకనే ఆ భాషలకు నిజమైన బంధుత్వం సిద్ధించింది.

విద్యార్థి దశలో ఫిన్నిష్ వ్యాకరణం టోల్కీన్‌ను ఎంతగా ఆకట్టుకున్నదో క్వెన్యా ధ్వనులే చెబుతాయి. అయిదు అచ్చులకూ హ్రస్వ దీర్ఘాలున్నాయి. ఎ, ఒ లకు కూడా ఆ భేదం ఉండడం వల్ల తెలుగు లిపిలో వాటిని చక్కగా రాయవచ్చు. క్వ, త్య వంటివాటిని మినహాయిస్తే పదాదిన సంయుక్తాక్షరం రాదు. బ, ద, గ లు ఒంటరిగా నిలవక, అనునాసికం లేదా ర, ల వంటి హల్లు తరువాతనే వస్తాయి. పదాంతంలో అచ్చు గానీ, త, న, ర, ల, స లలో ఒకటి గానీ ఉంటుంది. ఈ సంయమనమే ఆ భాషకు సంగీతాన్నిచ్చింది.

విభక్తులు ప్రత్యయాలుగా పదం చివర చేరతాయి: 'కిర్య' అంటే ఓడ, 'కిర్యన్న' అంటే ఓడ వైపునకు, 'కిర్యల్లొ' అంటే ఓడ నుంచి, 'కిర్యస్సె' అంటే ఓడలో. క్రియ చివర కర్తను తెలిపే ప్రత్యయం కూడా చేరుతుంది కాబట్టి, తెలుగులో 'వస్తాను' అన్నట్టే, సర్వనామం విడిగా అక్కరలేదు. అంతకన్నా విశేషం, ఇంగ్లీషులో లేని 'మేము', 'మనము' భేదాన్ని టోల్కీన్ ఇందులో పాటించడం. ఆ ప్రత్యయాల విషయంలో అభిప్రాయం మార్చుకున్నాక, 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' తొలి ముద్రణలో 'ఒమెంతియెల్మొ' అని అచ్చయిన 'మన కలయిక యొక్క' అనే రూపాన్ని, 1960ల నాటి సవరించిన ముద్రణకు 'ఒమెంతియెల్వొ'గా దిద్దాడు.