కిర్రుమనే షట్టరుకు జబ్బేమిటి?

తెల్లవారుజామున హైదరాబాదులో ఎర్రగడ్డ రోడ్డు వెంట నడిచి చూడండి. పాల దుకాణం, టిఫిన్ హోటలు, మందుల షాపు ఒకదాని తరువాత ఒకటి తెరుచుకొంటూ ఉంటాయి. ఒక షట్టరు గరగరమంటుంది. దాని పక్కది కీచుమని అరుస్తుంది. మూడవది లెక్కపెట్టినట్లు టక్కు టక్కుమంటుంది. ఇంకొకటి మాత్రం గుట్టుచప్పుడు కాకుండా పైకి పోతుంది. అన్నీ ఇనుప తెరలే, అన్నీ చేసేది ఒకే పని. మరి గొంతులు ఇన్ని రకాలెందుకు?

ఈ ఎర్రగడ్డలోనే ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. అక్కడ డాక్టరుగారు రోగి ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి, లోపలి చప్పుడును బట్టి జబ్బు ఆనవాలు పడతారు. 1816లో పారిస్ నగరంలో లెనెక్ అనే వైద్యుడు కనిపెట్టిన సాధనం అది. ఆయన వాడిన మొట్టమొదటి స్టెతస్కోపు ఒట్టి కాగితపు చుట్ట! షట్టరుకైనా పద్ధతి ఇదే. ముందు చెవి, తరువాతే నూనె డబ్బా. అయితే రోగిని పరీక్షించే ముందు శరీర నిర్మాణం తెలిసి ఉండాలి కదా. రండి, షట్టరు లోపల ఏముందో చూద్దాం.

ఒక్క మనిషి ఎలా ఎత్తగలడు?

షట్టరు తెర అడ్డపట్టీలతో తయారవుతుంది. ఒక పట్టీ అంచు ఇంకొక పట్టీ అంచులో కొక్కెంలా ఇమిడి ఉంటుంది. తెర రెండు కొసలూ గోడలకు బిగించిన గైడులలో, అంటే నిలువు గాడులలో జారుతాయి. పైన ఒక లావు పైపు ఉంటుంది. తెర దాని చుట్టూ చాపలా చుట్టుకొంటుంది.

ఇప్పుడొక చిన్న లెక్క. షట్టరు 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, రేకు మందం 1.2 మిల్లీమీటర్లు అనుకొందాం. ఘనపరిమాణం 3 × 3 × 0.0012 = 0.0108 ఘనపు మీటర్లు. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 7850 కిలోగ్రాములు. రెండూ గుణిస్తే సుమారు 85 కిలోగ్రాములు! అంచులలో మడతపడ్డ రేకును కలిపితే ఇంకా ఎక్కువే. ఇంత బరువును దుకాణం కుర్రవాడు ఒక్కడే ఎలా పైకి తోస్తున్నాడు?

ఆ రహస్యం పైపు దగ్గర చుట్టి ఉన్న స్ప్రింగులలో ఉంది. షట్టరును కిందికి లాగినప్పుడు స్ప్రింగు బిగుసుకొంటుంది, శక్తిని దాచుకొంటుంది. పైకి తోసేటప్పుడు ఆ శక్తినే తిరిగి ఇస్తుంది. అంటే రాత్రి మూసేటప్పుడు డిపాజిట్ చేసిన శక్తిని ఉదయం తెరిచేటప్పుడు వాడుకొంటున్నామన్నమాట.

ఇందులో ఇంకొక చమత్కారం ఉంది. షట్టరు పూర్తిగా మూసి ఉన్నప్పుడు వేలాడే బరువు ఎక్కువ. అప్పుడే స్ప్రింగు కూడా బాగా బిగిసి ఉంటుంది. తెర పైకి పోతున్నకొద్దీ వేలాడే భాగం తగ్గుతుంది, స్ప్రింగు బిగువూ తగ్గుతుంది. బరువూ, బలమూ జోడెద్దుల్లా కలిసి నడుస్తాయి. అందుకే మంచి షట్టరును సగంలో వదిలితే ఉన్నచోటనే నిలుస్తుంది.

మీట నొక్కితే కారుషెడ్డు తలుపు తెరిచే యంత్రంలోనూ సూత్రం ఇదే. అమెరికాలో సి.జి. జాన్సన్ 1926లో అటువంటి విద్యుత్ యంత్రాన్ని తయారుచేశాడు. అక్కడ కూడా బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది స్ప్రింగే. మోటారు మిగిలిన కాస్త బరువునూ, ఘర్షణనూ జయిస్తే చాలు. స్ప్రింగు నీరసపడితే ఆ భారమంతా మోటారు మీద పడుతుంది. అది మూలుగుతుంది, వేడెక్కుతుంది. అప్పుడు మోటారును తిట్టి లాభం లేదు. జబ్బు స్ప్రింగుది!

కీచుమని అరిచేదెవరు?

సుద్దముక్కను నల్లబల్ల మీద నిటారుగా పట్టి గీస్తే ఒళ్లు జలదరించే కీచు శబ్దం వస్తుంది. కాస్త వాల్చి గీస్తే ఆగిపోతుంది. కారణం చూడండి. ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం కంటే, కదిలే వస్తువును అలాగే కదిలిస్తూ ఉండడానికి కావలసిన బలం తక్కువ. కనుక సుద్ద కాసేపు పట్టుకొంటుంది, తటాలున జారుతుంది, మళ్లీ పట్టుకొంటుంది. సెకనుకు వందల సార్లు ఇలా జరిగేసరికి అది మన చెవికి స్వరంలా వినబడుతుంది. వయొలిన్ కమాను తీగను మోగించేది కూడా ఇలాగే. గైడులో పొడిబారిన ఇనుము ఇనుముతో రాసుకొన్నప్పుడు జరిగేదీ అదే.

ఒక పట్టీ కొస చేసిన ఆ చిన్న కీచు వీధి చివరిదాకా ఎందుకు వినిపిస్తుంది? వీణ తీగ ఒక్కటే అయితే దాని నాదం పక్కవారికి కూడా సరిగా అందదు. దానికి జోడించిన కుండ కూడా కంపించి గాలిని కదిలిస్తుంది కాబట్టి సభంతా వింటుంది. షట్టరులో 9 చదరపు మీటర్ల రేకు ఆ కుండ పని చేస్తుంది!

చప్పుడును లెక్కపెట్టండి

ఇప్పుడు అసలు పరీక్ష. పట్టీ ఎత్తు 7.5 సెంటీమీటర్లు అనుకొందాం. 3 మీటర్ల షట్టరులో 40 పట్టీలు ఉంటాయి. పైపు చుట్టుకొలత 75 సెంటీమీటర్లు అయితే, షట్టరు పూర్తిగా లేచేసరికి పైపు సుమారు 4 చుట్లు తిరుగుతుంది. చుట్ట లావెక్కేకొద్దీ ఈ సంఖ్య ఇంకా కాస్త తగ్గుతుంది. ఇక చెవి పెట్టి వినండి.

షట్టరు లేచేటప్పుడు దాదాపు 40 సార్లు టక్కుమంటే, ప్రతి పట్టీ ఏదో ఒకే అడ్డంకిని తాకుతోందన్నమాట. గైడు వంగి ఉండవచ్చు, దాని నోరు నొక్కుకుపోయి ఉండవచ్చు.

మూడు నాలుగు సార్లే దబ్బుమంటే తప్పు తిరిగే పైపుది. బేరింగు అరిగి ఉండవచ్చు, బ్రాకెట్టు బోల్టు వదులై ఉండవచ్చు.

ఒక్కసారే, ప్రతిరోజూ అదే ఎత్తులో చప్పుడైతే ఒకానొక పట్టీ వంగి ఉంటుంది. ఆ ఎత్తు దగ్గర సుద్దతో గుర్తు పెట్టండి.

ఆగకుండా గరగరమంటే దుమ్ము కానీ, అరిగిన గేరు పళ్లు కానీ కారణం. మోటారు తిరుగుతున్నా తలుపు కదలకపోతే గేరునే అనుమానించాలి. గొలుసు ఉన్న యంత్రంలో గలగలమంటే గొలుసు వదులైందేమో చూడాలి.

ఇంజనీర్లు పెద్ద పెద్ద యంత్రాలను పరీక్షించేదీ ఈ పద్ధతిలోనే. ఒక చుట్టుకు ఎన్నిసార్లు చప్పుడైందో తెలిస్తే ఏ భాగం చెడిందో తెలుస్తుంది.

ఏ మందు ఎక్కడ?

మన పెద్దలు ఆముదంలో గడ్డి మసి కలిపి బండి ఇరుసుకు పూసేవారు. దానికే కందెన అని పేరు. కందెన రెండు లోహాల మధ్య పలుచని పొరగా నిలిచి, అవి నేరుగా రాసుకోకుండా చూస్తుంది. అయితే అన్నిచోట్లా ఒకే కందెన పనికిరాదు.

బేరింగులకూ గేర్లకూ గ్రీజు మంచిది. గైడులలో మాత్రం గ్రీజు పూయరాదు. ఎందుకంటే వీధి దుమ్మంతా దానికి అంటుకొంటుంది. దుమ్ములోని ఇసుక రేణువులు గ్రీజుతో కలిస్తే అది కందెన కాదు, సానబట్టే ముద్ద! గైడును ముందు పొడిగుడ్డతో, బ్రష్షుతో శుభ్రం చేయాలి. తరువాత కొవ్వొత్తి మైనం కానీ, గ్రాఫైటు పొడి కానీ రాస్తే చాలు. మీ పెన్సిలులో ఉండేది ఆ గ్రాఫైటే. దాని పొరలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పనులన్నీ పెద్దలను పక్కన పెట్టుకొని, షట్టరును పూర్తిగా దించి, మోటారు ఉంటే కరెంటు ఆపి చేయాలి. పైన ఉన్న స్ప్రింగు, బ్రాకెట్టు, వాటి బోల్టులు ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకండి. మూసి ఉన్న షట్టరు స్ప్రింగులో శక్తి నిండుగా ఉంటుంది. బోల్టు వదిలితే అది ఒక్కసారిగా విడుదలై ఎముకలు విరగ్గొట్టగలదు. అది అనుభవమున్న షట్టరు మేస్త్రీ పని.

చిన్న చప్పుడే కదా అని వదిలేయవచ్చా?

వదిలేయరాదు. సగంలో నిలవవలసిన షట్టరు తనంతట తానే కిందికి దిగుతోందంటే, స్ప్రింగు బలం తగ్గిందన్నమాట. దాని కింద పసిపిల్లలు ఆడుకొంటూ ఉంటే? 85 కిలోల తెర హెచ్చరించి పడదు. దానికి ముందు వచ్చిన చప్పుడే హెచ్చరిక.

రెండవది పొరుగువారి నిద్ర. 2000 సంవత్సరంలో వచ్చిన కేంద్ర శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు హద్దు 40 డెసిబెళ్లు. ప్రతి 10 డెసిబెళ్లకూ శబ్ద తీవ్రత 10 రెట్లవుతుంది. అంటే 70 డెసిబెళ్ల చప్పుడు, ఆ హద్దుకు 1000 రెట్ల తీవ్రత గలది. దగ్గుతూ దగ్గుతూ ఎప్పటికో కన్నుమూసిన రోగికి తెల్లవారుజామున అయిదు గంటలకు మోగే షట్టరు ఎలా ఉంటుందో ఊహించండి. దాన్ని ఆపడానికి కావలసింది ఒక పొడిగుడ్డ, ఒక మైనం ముక్క, పది నిమిషాల ఓపిక.

ఈ వారం మీ వీధిలో అయిదు షట్టర్లు ఎంచుకోండి. దూరంగా నిలబడి వినండి. పట్టీలు ఎన్ని, టక్కులు ఎన్ని, ఏ ఎత్తులో వచ్చాయి అన్నది నోటుపుస్తకంలో పట్టికగా రాయండి. జబ్బు ఏమిటో మీరే నిర్ణయించండి. తరువాత దుకాణదారుగారితో మర్యాదగా, "అంకుల్, మీ షట్టరులో తప్పు ఎడమ గైడులో ఉన్నట్లుంది, మేస్త్రీకి ఒకసారి చూపించండి" అని చెప్పండి. మేస్త్రీ వచ్చి అదే మాట అన్న రోజున మీ లెక్క సరిపోయినట్లే.